వర్తమానంలో వాక్యం ఎంత ఉంటోంది? మన సంఘాల ప్రసంగాలపై చర్చ

నాగావళి విశ్వాసి (శ్రీకాకుళం)

అందరికీ వందనాలు. ఏ సంఘాన్నీ, ఏ దైవజనుణ్ణీ వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు. చాలాకాలంగా మనసులో మెదులుతున్న సంగతి, మీ అందరి ముందూ పెడుతున్నాను.

మన వైపు ఆదివారం వర్తమానం, అంటే ప్రసంగం, ఎలా సాగుతుందో మీకు తెలుసు. ఒక వచనం చదువుతారు. ప్రార్థన చేస్తారు. బైబిలు మూస్తారు. అక్కణ్ణుంచి ముప్పావుగంట సాక్ష్యాలు, ఎక్కడో విన్న కథలు, నాలుగు హెచ్చరికలు, పక్కవాళ్ళ వైపు తిరిగి చెప్పమనే మాటలు. చదివిన వచనం ఎవరు రాశారు, ఎవరికి రాశారు, ఏ కష్టంలో ఉండి రాశారు అన్నది మాత్రం రాదు. వచనాన్ని కూరలో కరివేపాకులా వాడి పక్కన పెడుతున్నాం.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు పంచుతారు కదా. వాటిలో యిర్మీయా 29:11 లేని ఏడాది ఉండదు. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట మా ఇంట్లో ఫ్రిజ్ మీద కూడా ఉంది. ఆ మాట నిజమే, బలమైనదే. కానీ దానికి ముందు వచనం ఎంతమంది విన్నాం? బబులోనులో 70 సంవత్సరాలు గడిచాక తిరిగి రప్పిస్తానని ఉంది అక్కడ. అంటే బబులోనుకు చెరపట్టుకుపోయిన యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఆ ఉత్తరం అందుకున్న పెద్దవాళ్ళలో చాలామంది సొంత ఊరు చూడకుండానే కన్నుమూస్తారు. ఇంకొంచెం వెనక్కి, 28వ అధ్యాయానికి వెళ్తే హనన్యా అనే ప్రవక్త కనిపిస్తాడు. రెండేళ్ళలో అంతా తిరిగి వచ్చేస్తుందని దేవాలయంలో, జనం ముందు గట్టిగా చెప్పినవాడు అతను. వినడానికి హాయిగా ఉండేది హనన్యా మాటే. యిర్మీయా ఆ మాటకు ఎదురు నిలబడి రాసిన ఉత్తరంలోది మన కార్డు మీది వచనం. మనం ఆ వచనాన్ని తీసుకుని హనన్యా ప్రసంగం చేస్తున్నామేమో అని నా భయం.

నా ప్రశ్న ఒకటే. ఒక పత్రికనో సువార్తనో మొదటి నుంచి వరుసగా తీసుకుని, అందులో ఉన్నదే వివరించి, దాన్నే మన బతుకుకు అన్వయించే వర్తమానాలు మన జిల్లాల్లో ఎందుకు ఇంత అరుదైపోయాయి?

సాలూరు లూథరన్

మంచి ప్రశ్న వేశారు అన్నా. మా ఆరాధన క్రమంలో ప్రతి ఆదివారానికీ పాఠాలు ముందే నిర్ణయమై ఉంటాయి. పాత నిబంధన, పత్రిక, సువార్త. ఏది ప్రసంగించాలన్నది అయ్యగారి ఇష్టానికి వదిలేయరు. దీనివల్ల ఒక మేలు ఉంది. ప్రసంగీకుడికి నచ్చిన నాలుగు భాగాల చుట్టూనే సంఘం ఏళ్ళ తరబడి తిరగాల్సిన పని ఉండదు.

అలాగని మా దగ్గర అంతా బాగుందని చెప్పలేను. మూడు పాఠాలూ చక్కగా చదువుతాం, అందరం లేచి నిలబడి సువార్త వింటాం, తర్వాత ప్రసంగం ఇంకెటో వెళ్ళిపోతుంది. పాఠాలు నిర్ణయించినంత మాత్రాన వాక్య ప్రసంగం వచ్చేయదు. చదివినదాని దగ్గర కాసేపు కూర్చోవాలన్న మనసు ఉండాలి.

సువార్తికుడు (పూసపాటిరేగ)

ప్రైజ్ ద లార్డ్. నేను ఒక చిన్న స్వతంత్ర సంఘాన్ని కాస్తున్నాను. మీ బాధ అర్థమైంది కానీ, రెండో వైపు కూడా వినాలి.

నా సంఘానికి వచ్చేవాళ్ళు ఎవరు? జూట్ మిల్లు మూతపడి పని పోయినవాళ్ళు, వలల మీద బతికేవాళ్ళు, ఇంట్లో తాగుబోతు భర్తతో నలిగిపోయే అక్కచెల్లెళ్ళు. వాళ్ళు గుండె పగిలి వస్తారు. వాళ్ళకు కొలస్సయి పత్రిక 2వ అధ్యాయంలో పౌలు ఎవరితో వాదిస్తున్నాడో గంటసేపు చెప్తే ఏమి ప్రయోజనం? ఆ పూట వాళ్ళకు కావలసిన మాట పరిశుద్ధాత్మ దేవుడే ఇస్తాడు. పెంతెకొస్తు రోజున పేతురు నోట్సు రాసుకుని నిలబడ్డాడా? యేసు ప్రభువు ఉపమానాలే కదా చెప్పారు? కథలు చెప్పడం తప్పైతే ప్రభువే తప్పు చేశారనాలి.

ఇంకో సంగతి. నేను పొద్దున్నంతా తాపీ పనికి వెళ్తాను. పెద్ద పెద్ద వ్యాఖ్యాన గ్రంథాలు కొనే స్తోమత లేదు, చదివే తీరిక లేదు. వరుస ప్రసంగాలు పట్నం పాస్టర్లకు కుదురుతాయి.

నాగావళి విశ్వాసి (శ్రీకాకుళం)

పాస్టర్ గారూ, మనసు విప్పి రాసినందుకు కృతజ్ఞతలు. తీరిక గురించి మీరన్నది ముమ్మాటికీ నిజం, దానికి ఇక్కడివాళ్ళే ఏదైనా దారి చెప్పాలి. పేతురు మాట మాత్రం ఒకసారి చూడండి. అపొస్తలుల కార్యములు 2లో ఆయన నోట్సు లేకుండానే నిలబడ్డాడు, నిజమే. కానీ ఆయన నోట వచ్చింది ఏమిటి? యోవేలు 2వ అధ్యాయం, తర్వాత 16వ కీర్తన, ఆ తర్వాత 110వ కీర్తన. దావీదు చనిపోయి సమాధి అయ్యాడు, ఆ సమాధి ఇప్పటికీ మన మధ్యనే ఉంది, కాబట్టి ఈ కీర్తన దావీదు గురించి కాదు, క్రీస్తు గురించి అని వాదించాడు. లేఖనాన్ని విప్పి, తర్కించి, వినేవాళ్ళ ముందు పెట్టాడు. వాళ్ళ హృదయంలో నొచ్చుకున్నది దాని తర్వాతే. ఆత్మ నడిపింపు, లేఖన వివరణ రెండూ ఆ రోజు ఒకే నోట వచ్చాయి.

మందస సిస్టర్

నేను నర్సుగా పనిచేస్తున్నాను. మాది ఉద్దానం. మా వైపు ఊళ్ళలో కిడ్నీ జబ్బు లేని వీధి వెతకాలి. అందుకే ఈ చర్చ నాకు చదువుకున్నవాళ్ళ చర్చలా అనిపించడం లేదు.

వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి వచ్చే ఒక అమ్మ ఉండేది. పేరు, ఊరు చెప్పను. ఒక సభకు వెళ్ళింది. అక్కడ ప్రసంగీకుడు యెషయా 53:5 చదివారు. "అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది." స్వస్థత ఇప్పటికే అయిపోయింది, నమ్మితే చాలు, మందులు పట్టుకుని వేలాడటం అవిశ్వాసం అన్నారట. ఆ వారం ఆమె రాలేదు. వచ్చేసరికి కాళ్ళు, ముఖం వాచిపోయి, ఊపిరి అందక, కూర్చోబెట్టి తీసుకొచ్చారు. బతికింది. కానీ మంచం మీద పడుకుని నన్ను అడిగిన మాట ఇంకా చెవిలో ఉంది. "నాకు విశ్వాసం చాల్లేదా అమ్మా?" జబ్బుతో పాటు నేరం కూడా ఆమె నెత్తినే పెట్టారు.

నేను ఆ రోజు రాత్రి ఇంటికి వచ్చి యెషయా 53 మొత్తం చదివాను. 5వ వచనంలోనే మన అతిక్రమ క్రియలు, మన దోషాలు అని ఉంది. 6లో మనమందరం గొర్రెల్లా త్రోవ తప్పాం అని ఉంది. పేతురు తన మొదటి పత్రిక 2:24లో అదే మాట తీసుకుని, పాపాల విషయమై చనిపోయి నీతి విషయమై జీవించడం గురించి చెప్పాడు. అదీ ఎవరికి? అన్యాయంగా దెబ్బలు తింటున్న పనివాళ్ళకు, ఓర్చుకుంటున్నవాళ్ళకు. ఆ అధ్యాయం మొత్తం ఆ సభలో వివరించి ఉంటే, "ఆయన వ్యాధిని అనుభవించినవాడు" అన్న 3వ వచనం ఆ అమ్మ చెవిన పడేది. తన బాధ తెలిసినవాడు ఒకడున్నాడని ఆమెకు తెలిసేది.

కొత్త నిబంధన వరుసగా చదివే సంఘానికి త్రోఫిము కూడా తెలుస్తాడు. అతన్ని జబ్బుతో మిలేతులో విడిచి వచ్చానని పౌలే రాశాడు, 2 తిమోతి 4:20. తిమోతికి తరచుగా వచ్చే బలహీనతలు తెలుస్తాయి. చావుకు దగ్గరైన ఎపఫ్రొదితు తెలుస్తాడు. పౌలు శరీరంలోని ముల్లు తెలుస్తుంది. వీళ్ళెవరికీ విశ్వాసం చాల్లేదని బైబిలు ఎక్కడా అనలేదు. దయచేసి మా ఉద్దానం వచ్చే ప్రసంగీకులకు ఈ మాట ఎవరైనా చెప్పండి.

సువార్తికుడు (పూసపాటిరేగ)

సిస్టర్, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. మందులు మానమని చెప్పేవాడు కాపరి కాదు. నేను ఏనాడూ అలా చెప్పలేదు, చెప్పను కూడా.

అయినా ఒక్క మాట. మత్తయి 8:17లో యేసు రోగుల్ని బాగుచేసినప్పుడు ఇదే యెషయా 53 నెరవేరిందని రాసి ఉంది. యాకోబు 5:14లో రోగి సంఘపు పెద్దల్ని పిలిపించుకోవాలని ఉంది. కాబట్టి స్వస్థత కోసం చేసే ప్రార్థనను మనం తక్కువ చేయకూడదు. నా చేతుల మీద దేవుడు బాగుచేసినవాళ్ళు ఉన్నారు.

మందస సిస్టర్

పాస్టర్ గారూ, నేను డ్యూటీ ఎక్కే ముందు ప్రతి పేషెంటు కోసం ప్రార్థన చేసుకుంటాను. మీరు మత్తయి 8, యాకోబు 5 పక్కన పెట్టి చూపించారు చూడండి, నేను కోరుకున్నది అచ్చంగా అదే. ఒక వచనానికి ఇంకో వచనం తోడు తెచ్చి, రెండూ విని, అప్పుడు రోగి మంచం దగ్గరకు వెళ్ళడం. ఆ సభలో అది జరగలేదు.

కోట వీధి మాస్టారు (విజయనగరం, రిటైర్డ్)

పిల్లలందరికీ ఆశీస్సులు. పాత సంగతులు రెండు చెప్తాను.

వరుసగా ప్రసంగించడం పట్నం అలవాటో పాశ్చాత్య అలవాటో కాదు. నాలుగో శతాబ్దంలో అంతియొకయలో యోహాను క్రిసోస్తోము మత్తయి సువార్త మీద చేసిన 90 ప్రసంగాలు ఇప్పటికీ మనకు దొరుకుతున్నాయి. ఆయన ప్రసంగాలు విన్నవాళ్ళలో బానిసలూ కూలీలూ ఉన్నారు. మత్తయి వివరిస్తూనే ధనవంతుల్ని నిలదీసేవాడు, పేదల ఆకలి గురించి మాట్లాడేవాడు. 1519 జనవరి 1న జ్యూరిక్‌లో జ్వింగ్లీ అనే సంస్కర్త, ఆదివారానికి ఇంతని పాఠాలు నిర్ణయించే అప్పటి పద్ధతి పక్కన పెట్టి మత్తయి 1వ అధ్యాయం నుంచి మొదలుపెట్టాడు. మరో సంస్కర్త కాల్విన్‌ను 1538లో జెనీవా నుంచి వెళ్ళగొట్టారు. 1541లో తిరిగి పిలిపించారు. పులిపీఠం, అంటే ప్రసంగ వేదిక, ఎక్కి తనను వెళ్ళగొట్టినవాళ్ళ గురించి ఒక్క మాట అనకుండా, ఎక్కడ ఆపాడో ఆ భాగం నుంచే కొనసాగించాడు. నాకు ఈ సంఘటన చాలా ఇష్టం. ప్రసంగ వేదికను కక్ష తీర్చుకోవడానికి వాడుకునే ప్రసంగీకుల్ని చూసినవాళ్ళకు దాని విలువ తెలుస్తుంది. వాక్యం వరుసలో వెళ్తున్నప్పుడు, ఈ ఆదివారం ఎవరిని దెప్పాలా అని వెతుక్కునే అవకాశం ప్రసంగీకుడికి చాలా తగ్గిపోతుంది.

ఇక మన నేల. 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషనరీలు క్రాన్, డెగ్రాంజిస్ ముందు పట్టుకున్న పని తెలుగు నేర్చుకోవడం, లేఖనాల్ని తెలుగులోకి తేవడం. ఆనందరాయరు అనే ఆయన వాళ్ళకు సాయపడ్డాడు. 1809లో క్రాన్, 1810లో డెగ్రాంజిస్ పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. పెద్ద సంఘాలు చూడకుండానే ఇద్దరూ కన్నుమూశారు, మన చేతికి మాత్రం సువార్తలు వచ్చాయి. మన ఉత్తరాంధ్ర క్రైస్తవ్యానికి పునాది రాయి అది. ఆ తర్వాత కెనడా బాప్టిస్టుల కాలంలో బైబిలు స్త్రీలు వీధి వీధికీ వెళ్ళి అరుగుల మీద కూర్చుని లేఖనం చదివి వినిపించేవారు. చదివి, అర్థం చెప్పి, మళ్ళీ చెప్పించుకునేవారు. మన అమ్మమ్మలకు అంతేసి భాగాలు కంఠతా రావడం వెనక ఆ శ్రమ ఉంది.

టెక్కలి కుర్రాడు

మాస్టారూ, గౌరవంతోనే అడుగుతున్నా. నేను యూట్యూబులో కొన్ని వివరణ ప్రసంగాలు విన్నాను. గ్రీకు మాటలు, మూల భాష, ఈ వేదాంతి ఇలా అన్నాడు, ఆ వేదాంతి అలా అన్నాడు. క్లాసులో కూర్చున్నట్టే ఉంది. కన్నీళ్ళు లేవు, పశ్చాత్తాపం లేదు. దానికన్నా మా పాస్టర్ గారు ఏడుస్తూ చెప్పే సాక్ష్యమే నన్ను మార్చింది.

కోట వీధి మాస్టారు (విజయనగరం, రిటైర్డ్)

బాబూ, నీ మాటలో నిజం ఉంది. తన చదువు చూపించుకోవడానికి వాక్యాన్ని వాడుకోవడం కూడా వాక్యాన్ని పక్కన పెట్టడమే. అలాంటి ప్రసంగానికి నేను మద్దతు ఇవ్వను.

నెహెమ్యా 8 తీసి చదువు. ఎజ్రా కర్రతో చేసిన ఎత్తైన పీఠం మీద నిలబడ్డాడు. ఉదయం మొదలుకొని మధ్యాహ్నం వరకు చదివారు. 8వ వచనం ప్రకారం స్పష్టంగా చదివి, జనం గ్రహించేలా అర్థం చెప్పారు. తర్వాతి వచనంలో జనమంతా ఏడుస్తున్నారు! అర్థం కావడం వల్లే ఏడ్చారు. అక్కడితో ఆగలేదు. ఏడవకండి, వెళ్ళి మంచి భోజనం చేయండి, ఏమీ సిద్ధం చేసుకోలేనివాళ్ళకు వంతులు పంపండి అన్నారు. వాక్య వివరణ నుంచి కన్నీళ్ళు, కన్నీళ్ళ నుంచి పేదవాడి ఇంటికి అన్నం. ఒక్క అధ్యాయంలో ఇంత నడిచింది.

గుమ్మలక్ష్మీపురం సేవకుడు

నేను కొండ ఊళ్ళలో పరిచర్య చేస్తాను. మా విశ్వాసుల్లో పెద్దవాళ్ళకు చదువు రాదు. పూసపాటిరేగ అయ్యగారి సందేహమే మొదట్లో నాకూ ఉండేది.

మేము రూతు గ్రంథం తీసుకున్నాం. నాలుగు అధ్యాయాలు, నాలుగు వారాలు. వచనం వచనం విడగొట్టలేదు. అధ్యాయాన్ని రెండుసార్లు నెమ్మదిగా చదివి, కథగా వరుసలో చెప్పి, తర్వాత వాళ్ళనే తిరిగి చెప్పమన్నాను. ఎక్కడ తప్పిపోతే పక్కనున్నవాళ్ళు అందిస్తారు. కథ దాటి నా సొంత కల్పన ఒక్కటి కలిపినా, "అది ఇందాక చదివినదాంట్లో లేదు కదా" అనేవాళ్ళు. చదువు రానివాళ్ళ జ్ఞాపకశక్తి ముందు మనం నిలబడలేం.

2వ అధ్యాయం దగ్గర ఒక ముసలమ్మ లేచింది. రూతు పొలంలో పరిగె ఏరుకుంది అని చదివాను కదా. "మేమూ పరిగె ఏరినోళ్ళమే. మమ్మల్ని తోలేసినవాళ్ళే గానీ, కావాలని పనల్లోంచి లాగి పడేసినోడు ఒక్కడూ లేడు" అంది. 16వ వచనంలో ఆ పొలం యజమాని బోయజు, రూతు కోసం పనల్లోంచి లాగి పడేయమని పనివాళ్ళకు చెప్పిన మాట ఆమె పట్టుకుంది! నేను ఆ వచనం గురించి ఏమీ సిద్ధపడలేదు. ఆ వారం మిగతా వర్తమానం అంతా లేవీయకాండము 19లో పొలం మూలలు కోయకుండా పేదలకు వదిలేయమన్న ఆజ్ఞ మీదే నడిచింది. పాలికి సేద్యం చేసినవాళ్ళు, చేయించినవాళ్ళు ఇద్దరూ అక్కడే కూర్చుని ఉన్నారు.

అయ్యగారూ, కథలు వద్దని ఎవరూ అనడం లేదు. బైబిల్లో ఉన్న కథల్నే పూర్తిగా చెబుదాం అంటున్నాం.

బొబ్బిలి అక్క (స్త్రీల సమాజం)

ఇందాకటి నుంచి చదువుతున్నాను. ఆడవాళ్ళ తరఫున నేనూ ఒక మాట చెప్పాలి.

మలాకీ 3:10 మనందరికీ కంఠతా వచ్చు. దశమ భాగం గురించి, ఆకాశపు వాకిండ్లు విప్పడం గురించి. మలాకీ మొత్తం నాలుగే అధ్యాయాలు. ఆ 10వ వచనానికి ఐదు వచనాల ముందు, 3:5లో, కూలివాళ్ళ కూలి ఎగ్గొట్టేవాళ్ళ మీద, విధవరాళ్ళను, తండ్రిలేనివాళ్ళను బాధపెట్టేవాళ్ళ మీద దేవుడు సాక్షిగా నిలబడతానన్నాడు. ఇంకొంచెం వెనక్కి 2:14కి వెళ్తే, యౌవనంలో పెళ్ళాడిన భార్యకు ద్రోహం చేసిన మగవాళ్ళ కానుకల్ని దేవుడు ఎందుకు అంగీకరించడం లేదో ఉంది. అంటే ఆ గ్రంథంలో కానుక గురించి చెప్పే ముందు ఆ కానుక తెచ్చే చేయి ఇంట్లో ఏం చేసిందో అడిగాడు. మొదటి అధ్యాయంలో యాజకుల్నే ముందు గద్దించాడు. ఇన్నేళ్ళలో మలాకీ 3:10 మీద ఎన్ని వర్తమానాలు విన్నామో లెక్కలేదు. 2:14 మీద ఒక్కటి వినలేదు.

వరుస ప్రసంగం మాకు ఎందుకు కావాలంటే, అది మా దగ్గరకు వచ్చి తీరుతుంది. ఆదికాండం వరుసగా చెప్పేవాడు 16వ అధ్యాయంలో హాగరు దగ్గర ఆగక తప్పదు. యజమానురాలు తరిమిన దాసి, గర్భంతో ఎడారిలో. "చూచుచున్న దేవుడవు" అని దేవునికి పేరు పెట్టింది ఆవిడ. 2 సమూయేలు వరుసగా చెప్పేవాడు 13వ అధ్యాయంలో, సవతి అన్న చెరిచిన తామారు ఏడుపు వినాలి. తండ్రి దావీదు కోపపడి ఊరుకున్నాడని కూడా చెప్పాలి. ఇవి ఎవరూ ఇష్టపడి ఎంచుకునే భాగాలు కావు. అందుకే ఎంచుకునే పద్ధతిలో మా బాధలు పులిపీఠం ఎక్కవు.

పలాస నుంచి

అక్క చెప్పినట్టే ఇంకొకటి. యోబు 8:7. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." కొత్త షాపు ఓపెనింగ్ అంటే ఈ వచనమే. మా జీడిపప్పు బట్టీల దగ్గర కూడా ఫ్రేము కట్టి పెడతారు.

ఆ మాట అన్నది దేవుడు కాదు, యోబు స్నేహితుడు బిల్దదు. పిల్లలు చనిపోయి బూడిదలో కూర్చున్న మనిషితో, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే పోయారు అని 4వ వచనంలో అని, ఆ తర్వాత అన్న మాట ఇది. 42:7లో దేవుడు ఆ స్నేహితుల మీద కోపపడ్డాడు, నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదు అన్నాడు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి జీడితోటలు, కొబ్బరిచెట్లు నేలకొరిగినప్పుడు, కొంతమంది వచ్చి ఇది మీ ఊరి పాపానికి శిక్ష అని చెప్పి వెళ్ళారు. బిల్దదు మాటే. యోబు గ్రంథం చివరిదాకా విన్న సంఘమైతే ఆ మాట అక్కడే ఆపి ఉండేది. లూకా 13లో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోతే, వాళ్ళు మిగతావాళ్ళకన్నా పాపులు కారని ప్రభువే చెప్పారు.

భావనపాడు మరియదాసు గారి వీధి (వేరావల్ నుంచి)

నేను పెద్దగా రాయలేను. బోటు పనికి గుజరాత్ వచ్చాను, ఏటా వస్తాం. ఫోనులోనే వర్తమానాలు వింటాను. నాగావళి అన్న రాసిన యిర్మీయా 29 ఇప్పుడే పూర్తిగా చదివాను. అందులో 5వ వచనం నుంచి ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని ఉంది. పరాయి ఊళ్ళో బతికేవాళ్ళకు రాసిన ఉత్తరం అని నాకు ఇంతకాలం ఎవరూ చెప్పలేదు. ఇక్కడ మేము ఉన్నది నలుగురం విశ్వాసులం. ఈ ఊరి కోసం ఎప్పుడూ ప్రార్థన చేయలేదు, ఎప్పుడు ఇంటికి పోదామా అనే చూశాం. ఈ రాత్రి గదిలో ఇదే చదువుకుంటాం.

నాగావళి విశ్వాసి (శ్రీకాకుళం)

తమ్ముడూ, ఆ వచనం నీ దగ్గరికి వచ్చినంత దగ్గరగా నాకు రాలేదు. సందర్భంతో చెప్తే వాక్యం జనానికి దూరమైపోతుందని అనేవాళ్ళకు నీ నాలుగు మాటలు చూపిస్తాను.

సువార్తికుడు (పూసపాటిరేగ)

అందరి మాటలూ చదివాను. కొన్ని రెండుసార్లు చదివాను. ఆత్మ ఆ పూట ఇచ్చే మాట మీద నా నమ్మకం అలాగే ఉంది, అందులో రాజీ లేదు. కానీ బోయజు పనల మాట, మలాకీ మాట నన్ను వదలడం లేదు. మా సంఘంలో కూలి ఎగ్గొట్టేవాళ్ళూ ఉన్నారు, కూలి పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మధ్య నిలబడి 3:5 చదవాలంటే నాకు ధైర్యం కావాలి. గ్రంథం వరుసలో ఆ వచనం వస్తే ఆ ధైర్యం గ్రంథమే ఇస్తుందేమో.

ఒక సాయం కావాలి. సాయంత్రం ఆరింటికి ఒళ్ళు కడుక్కుని కూర్చుంటాను. నా దగ్గర ఉన్నది ఒక రిఫరెన్సు బైబిలు, ఒక నోట్‌బుక్. ఇంతే. దీంతో ఎలా మొదలుపెట్టాలి?

గుమ్మలక్ష్మీపురం సేవకుడు

అయ్యగారూ, నా దగ్గరా అంతే ఉంది. చిన్న గ్రంథంతో మొదలుపెట్టండి. రోమా, ప్రకటన జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. ఆ గ్రంథాన్ని మొదటి వారం అంతా, పని దగ్గరికి వెళ్ళేటప్పుడు ఫోనులో ఆడియో బైబిలు పెట్టుకుని వినండి. తాపీ పట్టుకున్న చేతులు ఖాళీగా ఉండవు గానీ చెవులు ఖాళీయే కదా. సోమవారం నుంచి శనివారం దాకా అదే అధ్యాయం విని, చదివి, ఇందులో దేవుడు ఏం చేస్తున్నాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు, ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరగబోతోంది అని రాసుకోండి. పక్క వచనాల్లో రిఫరెన్సులు ఇచ్చి ఉంటాయి, అవి తీసి చూడండి. బైబిలుకు బైబిలే మొదటి వ్యాఖ్యానం. ఆఖర్న, ఈ అధ్యాయం మొత్తం చెప్పేది ఒక్క వాక్యంలో రాయడానికి ప్రయత్నించండి. అది రాకపోతే మళ్ళీ చదవండి.

ఇంకోటి, ఒంటరిగా చేయొద్దు. మేము ముగ్గురం సేవకులం వారం మధ్యలో ఒక చెట్టు కింద కూర్చుని, ఆదివారం చెప్పబోయే భాగం ఒకరికొకరం చెప్పుకుంటాం. ఎక్కడ సొంత కవిత్వం కలుపుతున్నామో అవతలివాళ్ళు పట్టేస్తారు.

కోట వీధి మాస్టారు (విజయనగరం, రిటైర్డ్)

పాస్టర్ గారూ, సంఘానికి కూడా ఒక పని ఇవ్వండి. బెరయ పట్టణంవాళ్ళు పౌలు చెప్పిన మాటలే అలా ఉన్నాయో లేవో అని ప్రతిదినం లేఖనాలు పరిశోధించారు, అపొస్తలుల కార్యములు 17:11. పౌలు నొచ్చుకోలేదు, లూకా వాళ్ళను ఘనులన్నాడు. ఆదివారం చెప్పబోయే అధ్యాయం ముందు వారమే ప్రకటించండి. చదువు వచ్చినవాళ్ళు ఇంట్లో రానివాళ్ళకు చదివి వినిపిస్తారు. చదువుకుని వచ్చిన సంఘం ముందు ప్రసంగించడం వేరు, మీరే చూస్తారు.

సువార్తికుడు (పూసపాటిరేగ)

యోనా గ్రంథం అనుకుంటున్నాను. నాలుగు అధ్యాయాలే. మా దగ్గర సముద్రం అందరికీ తెలుసు. మొదటి ఆదివారం 1వ అధ్యాయం, చేప గురించి బాగా చెప్పొచ్చు.

భావనపాడు మరియదాసు గారి వీధి (వేరావల్ నుంచి)

అయ్యగారూ, నేను చెప్పకూడదేమో. చేప గురించి తక్కువ చెప్పండి. మొదటి అధ్యాయంలో చేప చివరి వచనంలోనే ఉంది. మిగతా అంతా ఓడలో ఉన్నవాళ్ళ గురించి. తుపానులో సరుకు సముద్రంలో పారేశారు అని 5లో ఉంది. ఆ సరుకు పారేయడం అంటే ఏమిటో మన వాళ్ళకు చెప్పక్కర్లేదు. 13వ వచనం బాగా చదవండి. యోనాను పడేస్తే సముద్రం ఆగిపోతుందని తెలిసి కూడా, దేవుడెవరో ఎరగని ఆ నావికులు అతన్ని చంపడం ఇష్టం లేక తెడ్లు బలంగా వేశారు. ప్రవక్తకు నీనెవె వాళ్ళ మీద లేని జాలి ఆ కూలివాళ్ళకు ప్రవక్త మీద ఉంది. ఇది మా బోటు మీద చదివితే అందరూ ఆగి విన్నారు, మన దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా.

సువార్తికుడు (పూసపాటిరేగ)

13వ వచనం. ఇన్నేళ్ళుగా యోనా చెప్తున్నాను, దాని దగ్గర ఎప్పుడూ ఆగలేదు. తమ్ముడూ, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక నీకు ఫోన్ చేస్తాను. నెంబరు మెసేజ్‌లో పంపు.